ఎడమవైపు అట్ట

అక్టోబర్ 14, మంగళవారం

రోడ్డు రోడ్డంతా నూనె కంపు. ఏ ఇంటి ముందు చూసినా ఒక చిన్న కారు ముక్కు పైకెత్తుకుని చెక్క వాలు మీద నిలబడి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. మంచు పడేలోపు, తుప్పు పట్టకుండా, కారు పొట్టలోకి నూనె కొట్టించనివాడు వసంతం నాటికి స్టీరింగు ఒక్కటే చేత్తో పట్టుకుని నడిచొస్తాడని నాన్న అనేవాడు.

నేనడిగేది ఒక్కటే. ఈ తుప్పు ఆకాశం నుంచి ఊడిపడుతోందా? చలికాలమంతా మంచు కరగాలని మున్సిపాలిటీ లారీలు రోడ్ల మీద టన్నులకొద్దీ ఉప్పు కుమ్మరిస్తాయి. ఆ ఉప్పునీళ్ళు కార్లను తింటాయి. ఎవరి కార్లను? మూడేళ్ళకోసారి బండి మార్చే పెద్దమనుషులవి కాదు. ముసలి కారుతో ఇంకొక్క చలికాలం గట్టెక్కితే చాలనుకునేవాళ్ళవి. అదే ఉప్పు బావుల్లోకి దిగుతుంది, వాగులోకి దిగుతుంది. ఇదంతా పత్రికలో నా శీర్షికలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఇంకా రాస్తాను.

ఆ లారీల్లో ఒకటి నడిపేది మా అన్న రోజేర్. నా వంటింటి కిటికీలోంచి చూస్తే పొలానికి అవతల ఆయన ఇల్లు. ఫిబ్రవరి నుంచి మాటల్లేవు. వదిన ఒడెట్‌కి కిడ్నీలు పోయాయి. వాళ్ళింట్లో సూపులో ఉప్పుండదు, రొట్టెలో ఉప్పుండదు, ఉప్పు డబ్బాయే ఉండదు. "ఇంట్లో చిటికెడు ఉప్పుకు వణికే మనిషి వీధిలో లారీతో కుమ్మరిస్తున్నాడు" అని రాశాను. పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పనేముంది, ఊరంతా పోల్చుకుని నవ్వింది. బార్‌లో ఎవరో ఆయన బీరు గ్లాసు పక్కన ఉప్పు సీసా తెచ్చి పెట్టారట.

రాసింది నిజమే కదా.

మంగళ, గురు, శనివారాలు వదినను డయాలిసిస్‌కి పట్నం తీసుకెళ్ళేది మాత్రం ఇప్పటికీ నేనే. ఆయన డ్యూటీలో ఉంటాడు, ఆమె కారు తోలలేదు. అది వేరే సంగతి. దానికీ దీనికీ ముడిపెట్టే అలవాటు నాకు లేదు.

ఏటా నా కారుకి ఆయన షెడ్డులో ఇద్దరం కలిసి నూనె కొట్టేవాళ్ళం. ఈ ఏడు ఒక్కదాన్నే కొట్టుకుంటాను. అదేమైనా బ్రహ్మవిద్యా?


అక్టోబర్ 19, ఆదివారం

అయింది.

తలుపుల కింద పొడుగునా బోలుగా ఉండే ఇనప గడప ఉంటుంది చూడు, కారుకి ప్రాణమంతా అక్కడే. ఒకరు ముందు రంధ్రంలోంచి గొట్టం దూర్చి నూనె కొట్టాలి. ఇంకొకరు వెనక చతికిలబడి, చివరి రంధ్రంలోంచి చుక్కలు కారగానే "వచ్చింది" అని కేకెయ్యాలి. ఆ కేక వినపడేదాకా కొడుతూనే ఉండాలి. నాన్న కొట్టే రోజుల్లో మేమిద్దరం పోటీపడి కేకేసేవాళ్ళం. ఎవరి కేక ముందైతే వాళ్ళకి ఆ రోజు ముందు సీటు. తర్వాత అన్న కొట్టేవాడు, నేను కేకేసేదాన్ని.

కేకేసే మనిషి లేకపోతే కారు నూనె తాగదా? రెండువైపులా కింద అట్టలు పరిచాను. కొట్టాక లేచి చూస్తే సరి.

కుడివైపు అట్ట మీద పళ్ళెమంత నూనె మరక. ఎడమవైపు అట్ట శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క వృథా పోలేదు.

ఎడమ గడప మీద పెయింటు కొంచెం పొంగి ఉంది. పోయినేడు ఆయనే చూసి, "వచ్చే ఏడు ఇది కోసి కొత్త రేకు అతకాలి" అన్నాడు. ఆయనకి అన్నీ కోసి చూడ్డమే తెలుసు. గరాజువాడికి చూపిద్దామంటే వాడు ఆయన పేకాట జట్టు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. తుప్పు మీద తారు పూయకూడదు, పూస్తే ఉప్పునీళ్ళు లోపలే బందీ అయి ఇంకా తొందరగా తింటాయని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. నేనే ఒకసారి శీర్షికలో రాశాను. కానీ నేను పూసింది పలచగా. అందం కోసం. నల్లగా నిగనిగలాడుతోంది.

నూనె కొట్టాక మట్టిరోడ్డు మీద తిప్పాలి, లేచిన ధూళి నూనెకి అంటుకుని తొడుగులా నిలబడాలి. క్వారీ రోడ్డు మీద తిరిగొచ్చాను. ఏటా తిరిగొచ్చాక ఇద్దరం షెడ్డు గుమ్మంలో కూర్చుని బీరు తాగేవాళ్ళం. ఇవాళ తాగలేదు. నాకు బీరు పెద్ద ఇష్టం కూడా లేదు.


అక్టోబర్ 20

కారు బాగుంది.


నవంబర్ 6, గురువారం

వదిన ఎప్పుడూ వెనక ఎడమవైపే కూర్చుంటుంది. సూదులు గుచ్చే కుడి చేతి మీద బెల్టు ఒరుసుకోకుండా. అందుకని మా మాటలన్నీ అద్దంలోనే.

"మీ అన్న అడగమన్నాడు. ఎడమవైపు ఎవరికైనా చూపించావా అని."

"ఆయన లారీ తోలడం మానేస్తే చూపించాల్సిన పనే ఉండదని చెప్పు."

"మీ ఇద్దరి మధ్య నేను పోస్టు డబ్బానా? స్టాంపైనా అంటించండి."

"నువ్వే కదా వదినా మొదలెట్టావు."

"నేను మొదలెట్టలేదే తల్లీ, ఆయన మొదలెట్టాడు. నేను మోస్తున్నానంతే. ఇంకోటి కూడా ఉంది. ఆ కారు సరిగ్గా లేకపోతే ఊరి వ్యానులో నా పేరు రాయిస్తాడట. ఆసుపత్రివాళ్ళని తీసుకెళ్ళే వ్యాను ఉంది చూడు, అందులో."

అద్దంలో నావైపు చూడలేదు. బయట నదివైపు చూస్తోంది.

"కారు బాగుంది," అన్నాను.

"అదే చెప్పాను నేనూ," అంది.

ఆసుపత్రిలో నాలుగు గంటలు. ఆమెకి సూదులు పెట్టాక పక్కన కూర్చుని నా వ్యాసం చదివి వినిపిస్తాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంటుంది. నిద్రపోయిందనుకుంటే, "ఆ మేయరుని 'పందికొక్కు' అన్నచోట ఇంకొంచెం మర్యాదైన జంతువుని వెయ్యి" అంటుంది. పత్రికలో నన్ను దిద్దే ఎడిటరు ఎప్పుడూ లేడు. ఉన్నది ఈమె ఒక్కతే.

ఆమెని దింపి ఇంటికొచ్చాక మళ్ళీ శనివారం దాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండదని గమనించాను. గమనించానంతే. ఫిర్యాదు కాదు.


నవంబర్ 29, శనివారం

చలికాలం టైర్లు బిగించాను. కుడివైపు జాకీ గడప కిందే పెట్టాను. ఎడమవైపు ఇరుసు కింద పెట్టాను. అలా కూడా పెట్టొచ్చు. చాలామంది అలాగే పెడతారు.


డిసెంబర్ 8, సోమవారం

మున్సిపాలిటీ సభ. ఉప్పు బదులు ఇసుక చల్లమని, బావుల నీళ్ళు పరీక్ష చేయించమని మైకు దగ్గర నిలబడి అడిగాను. మేయరు నవ్వుతూనే విన్నాడు. అదే నాకు ఒళ్ళు మండిస్తుంది. తిట్టినా బాగుండు. ఒక ఉపసంఘం వేస్తామన్నాడు. ఈ దేశంలో ఏ ప్రశ్ననైనా చంపాలంటే తుపాకీ అక్కర్లేదు, ఉపసంఘం చాలు.

ఆయన కూడా వచ్చాడు, చివరి వరుసలో గోడకానుకుని నిలబడ్డాడు. ఎవడో "ఏమోయ్ రోజేర్, మీ చెల్లెలు నీ ఉద్యోగం ఊడబెరికేలా ఉందే" అన్నాడు. "ఊడితే ఆ మైకు నాకివ్వండి, నేనూ వాగుతా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

నా రెండు పక్కలా కుర్చీలు ఖాళీ. కోట్లు పెట్టుకోడానికి బాగా పనికొచ్చాయి.


డిసెంబర్ 25, గురువారం

పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద గుడ్డ చుట్టిన మాంసం రొట్టె, పండక్కి చేసే 'పై'. వదిన చేసిందే, అంచు మడతలు చూస్తే తెలిసిపోతుంది. పొలానికి అవతల రాత్రంతా కార్లు, దీపాలు. నన్నూ పిలిచింది, నేనే రానన్నాను. రాయాల్సిన వ్యాసం ఉంది.

వ్యాసం రాయలేదు.

రొట్టెలో ఉప్పు లేదు. పైన చల్లుకుని తిన్నాను.


జనవరి 8, గురువారం

వెనక ఎడమ తలుపు పడటం లేదు. కొంచెం పైకెత్తి వెయ్యాల్సి వస్తోంది. చలికి ఇనుము ముడుచుకుంటుంది. అందరి తలుపులూ అంతే.

వదిన తనే ఎత్తి వేసుకుంది. చాలా రోజులుగా అలవాటైన దానిలా వేసుకుంది.


జనవరి 15

కారు బాగుంది.


జనవరి 20, మంగళవారం

బూట్లు ఆరబెట్టి కూర్చున్నాను. రాస్తాను.

మైనస్ తొమ్మిది. గాలికి పొలాల్లోంచి మంచు పొగలా లేచి రోడ్డు మీదుగా పాకుతోంది. పట్నం ఇంకా సగం దూరముందనగా వెనక ఎడమ టైరు పేలింది. పక్కకి తీసి ఆపాను. ఫోనుకి సిగ్నల్ లేదు.

"దిగనా?" అంది వదిన.

"వద్దు, చలి. నిమిషంలో మార్చేస్తాను."

పక్కనంతా మంచు గట్టిగా పేరుకుని ఉంది. ఇరుసు కిందికి చెయ్యి కూడా దూరలేదు. గడప కిందే పెట్టాను జాకీ. తిప్పాను. జాకీ లేచింది. కారు లేవలేదు. ఇంకా తిప్పాను. ఎండాకులు నలిగినట్టు చప్పుడు. ఎర్రటి పొరలు పొరలుగా మంచు మీద రాలాయి. తిప్పడం ఆపాల్సింది, ఆపలేదు, చేతులు వాటంతటవే తిప్పుతున్నాయి. నేను పూసిన నల్ల తారు మాత్రం చెక్కు చెదరకుండా తోలు ముక్కలా వేలాడింది. లోపల ఇనుమే లేదు.

కారు లోపల ఖణేల్‌మని మోగింది.

"ఏమేవ్, ఎలుకా? నా కాళ్ళ కిందికొచ్చింది!"

తలుపు ఎత్తి తీశాను. ఆమె బూట్ల మధ్య తివాచీ గుడారంలా లేచి ఉంది. పక్కకి లాగాను. కేకు పళ్ళెం. ఓవెన్‌లో పెట్టే పెద్ద రేకు పళ్ళెం. జాకీ తల కారు నేల చీల్చుకుని వచ్చి దానికి కొట్టుకుంది. నేల అనేదే లేదు అక్కడ. పళ్ళెం తీస్తే కింద మంచు కనిపిస్తోంది.

నేను పళ్ళేన్ని చూశాను. ఆమె నన్ను చూసింది. ఈసారి అద్దంలో కాదు.

"నవంబరు నుంచి కాళ్ళకి గాలి కొడుతోంది," అంది. "చెబితే వ్యాను ఎక్కాలి కదే."

పసుపు దీపం తిప్పుకుంటూ లారీ వచ్చింది. ఆ రోడ్డు ఆయనదే, వేరే లారీ ఎందుకొస్తుంది. దిగి నేరుగా వదిన దగ్గరికెళ్ళి, దుప్పటి కప్పి, ఆ తర్వాత వంగి కింద చూశాడు. చర్చిలో ఉండే సామాను పేర్లన్నీ ఒక్కటి వదలకుండా ఏకరువు పెట్టి తిట్టాడు. కోపమొస్తే ఇక్కడ అందరం అలాగే తిడతాం.

"ఎవరు పూశారీ తారు?"

"నేనే."

"నూనె కొట్టినప్పుడు అట్ట చూశావా?"

"చూశాను."

అరిచి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. వదినవైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కేకు పళ్ళెం కనిపించడం లేదని నువ్వు ఇల్లంతా వెతికావు చూడు, అప్పట్నుంచి."

లారీలో బయటివాళ్ళని ఎక్కించుకోకూడదని రూలు. ముగ్గురం ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నాం, వదిన మధ్యలో. వెనకాల చక్రం తిరుగుతూ రోడ్డు మీదికి ఉప్పు విసురుతున్న చప్పుడు, వడగళ్ళు పడినట్టు. ఆపమని నేననలేదు.

దిగేటప్పుడు ఆయనన్నాడు: "గురువారం నుంచి వ్యాను."


జనవరి 22, గురువారం

వ్యాను తెల్లగా ఉంది. కిటికీలోంచి చూశాను. వదిన ఎక్కేటప్పుడు ఇటు తిరిగింది. చెయ్యి ఊపానో లేదో గుర్తులేదు.


జనవరి 24, శనివారం

వ్యాను.


జనవరి 27, మంగళవారం

కారుని ఇనప సామాను కొట్టువాడు లాక్కెళ్ళాడు. తాడు కట్టి లాగితే వెనక సగం వేరే దారిన పోదామన్నట్టు ఊగింది. వాడు నవ్వాడు. "దీన్లో తిరిగారా మేడమ్? దేవుడి మీద అంత నమ్మకమా?" అన్నాడు. నాస్తికురాలినని చెప్పాను. "అయితే ఇంకా గట్టి గుండె" అన్నాడు.

ఆ పళ్ళెం నా దగ్గరే ఉండిపోయింది. మధ్యలో సొట్ట.


ఫిబ్రవరి 3, మంగళవారం

వ్యాసం మొదలుపెట్టాను. ఉప్పు మీదే. సాక్ష్యంగా నా కారే ఉంది, ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరుకుతుందా? ఉప్పే తినేసింది దాన్ని. అది నిజం. మేయరుకి ఏ జంతువు పెట్టాలో తోచలేదు. చదివి వినిపించడానికి ఎవరూ లేరు. గట్టిగా చదివాను, కిటికీకి. బాగాలేదు.

ఉప్పు తినేసింది. నిజమే. కానీ ఎవరూ కేకెయ్యని గడపని తినేసింది.

ఆ వాక్యం కొట్టేశాను. వ్యాసంలో కుదరదు.


ఫిబ్రవరి 12, గురువారం

వదిన ఫోన్.

"వ్యానులో రేడియో ఒకటే మోత. డ్రైవరు ఫెర్నాన్ మంచివాడే, కానీ దేనికీ కాదనడు. వాతావరణం బాగుందంటే బాగుందంటాడు, బాగాలేదంటే బాగాలేదంటాడు. పోట్లాట లేక నాకు రక్తం సరిగ్గా శుభ్రపడటం లేదే."

నవ్వాను. చాలా రోజులకి నా నవ్వు నాకే పెద్దగా వినిపించింది.

"నా నీలం కారు షెడ్డులో పడుంది కదా," అంది. "జబ్బు చేసిన దగ్గర్నుంచి కదల్లేదు. దాన్ని నువ్వు తోలు."

"అన్న ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. వాలు చెక్కలు మాత్రం బయటికి తీశాడు."

ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, 'అన్న' అన్నానని.


ఫిబ్రవరి 22, ఆదివారం

భోజనాలయ్యాక పొలం దాటి వెళ్ళాను. మోకాళ్ళ లోతు మంచు. రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు, కానీ చిన్నప్పటి నుంచి దారి ఇదే.

షెడ్డులో స్టవ్ రాజేశాడు. నీలం కారు వాలు మీద ఉంది. రెండువైపులా అట్టలు పరిచి ఉన్నాయి. వదిన తలుపు దగ్గర కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటి. పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టాను. సొట్ట మీద వేలు పెట్టి చూసింది. "కేకు మధ్యలో లేస్తుందిప్పుడు," అంది.

అన్న నావైపు చూడకుండానే గొట్టం బిగిస్తున్నాడు.

"నువ్వు రాసింది నేను మర్చిపోలేదు," అన్నాడు.

"రాసింది నిజమే కదా."

"నిజమేనే. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి." గొట్టాన్ని ఒకసారి దులిపాడు. "మన బావి నీళ్ళు ఒడెట్‌కి ఇవ్వొద్దని డాక్టరు రెండేళ్ళ కిందే చెప్పింది. సీసా నీళ్ళు మోసేది నేను. ఉప్పు తోలేదీ నేనే. అది నాకు తెలియదనుకున్నావా? పత్రికలో చదివి తెలుసుకోవాలా?"

జవాబుంది నా దగ్గర. ఉపసంఘం గురించి, బావుల గురించి, చెల్లెలికి చెప్పని అన్నల గురించి. నోటిదాకా వచ్చింది. వదిన దుప్పటి సవరించుకుంటోంది. ఊరుకున్నాను.

ఆయన కిందికి దూరాడు. నేను వెనక్కెళ్ళి చతికిలబడ్డాను, మోకాళ్ళు పటపటలాడాయి. ముందు కుడివైపు. పంపు మోగింది. లోపల నూనె పాకుతున్న సన్నని చప్పుడు.

"వచ్చిందా?"

"ఇంకా లేదు... వచ్చింది!"

కేక మరీ గట్టిగా వచ్చింది. వదిన ఉలిక్కిపడింది. కింద నుంచి చిన్నగా ఒక మూలుగు, నవ్వయినా కావచ్చు.

తర్వాత ఎడమవైపు. పంపు మోగింది. అట్ట మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పంపు ఇంకా మోగింది.

"వచ్చిందా?"

అట్ట శుభ్రంగా ఉంది.

పైకి చూస్తే ఈ గడప నున్నగా ఉంది, పొంగు కూడా లేదు. వచ్చిందంటే వచ్చేసినట్టే. ఆయన పాక్కుంటూ బయటికొస్తాడు, చేతులు తుడుచుకుంటాడు, తాళం చెవి కొక్కెం మీద నుంచి తీసిస్తాడు. ఎల్లుండి మంగళవారం. వెనక సీట్లో ఆమె, అద్దంలో ఆమె. వదిన నావైపే చూస్తోంది, అట్ట వైపు కాదు. ఆమె కూడా చెప్పదు. నాకు తెలుసు, అడిగినా చెప్పదు.

"ఏమే? వచ్చిందా?"

"రాలేదు."

పంపు ఆగింది.

"రాలేదన్నయ్యా. ఇటువైపు ఒక్క చుక్క రాలేదు."

ఆయన నెమ్మదిగా బయటికి పాకి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. కొక్కెం మీదున్న తాళం చెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

"అయితే మంగళవారం వ్యానే," అన్నాడు. "కోసి చూడాలి. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. ధూళి పట్టించాలంటే మట్టిరోడ్డు మే దాకా మంచులోంచి తేలదు ఎలాగూ."

"సరే."

వదిన గట్టిగా ఊపిరి వదిలింది.

ఆయన కోత మిషను తీసి, అద్దాలు పెట్టుకుని, మళ్ళీ కింద పడుకున్నాడు. లోపల చీకటి. చెయ్యి బయటికి చాపి వేళ్ళు ఆడించాడు.

దీపం అందుకుని, ఆయన పక్కన అట్ట మీద పడుకుని, ఎడమవైపుకి పట్టుకున్నాను.